పొదిలి దారిలో సంతోషకుమారి

"ఒరేయ్, కళ్ళు నులుముకోకురా! చేతులకి కారం ఉంది!"

సంతోషకుమారి కేక పూర్తయ్యేలోపే జరగాల్సింది జరిగిపోయింది. నుదుటి మీద చెమట తుడుచుకున్న చేత్తోనే కొడుకు ప్రసన్నకుమార్ రెండు కళ్ళూ తుడిచేసుకున్నాడు. మరుక్షణం ఆ కొత్త చొక్కాతోనే రోడ్డు పక్కన కూలబడి, "అమ్మా, మంట! నీళ్ళు, నీళ్ళు!" అని గోల పెట్టాడు.

ఇంకో రెండు గంటల్లో కనిగిరిలో వాడికి ప్రధానం, ఉంగరాలు మార్చుకునే వేడుక. పెళ్ళికూతురి ఇంటి ముందు షామియానా వేసి, పాస్టరు గారిని పిలిచి, పదకొండున్నరకి ప్రార్థన మొదలనుకున్నారు. పెళ్ళికొడుకేమో అద్దంకి దాటి ఏడు కిలోమీటర్లు వచ్చాక మట్టిలో కూర్చుని ఏడుస్తున్నాడు.

తప్పు వాడిది కూడా కాదు. ముందు వెళ్తున్న ట్రాక్టరుకి తాడు తెగి, మిరపకాయల టిక్కీలు, కాయలు కుక్కిన గోనె బస్తాలు, రోడ్డుకి అడ్డంగా దొర్లిపడ్డాయి. రెండు టిక్కీలు పిగిలి, కాయలు ఎర్రగా పరుచుకున్నాయి. "నేనూ ఓ చెయ్యి వేస్తే పది నిమిషాల్లో దారి అవుతుంది" అని దిగాడు ప్రసన్న. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు వాడు. రోజూ వేల టిక్కీలు లెక్కబెట్టించే మనిషి. అక్కడ చేతులకి గ్లవుజులుంటాయి, ఇక్కడ లేవు. ఆ సంగతి మరిచిపోయాడు.

"తల పైకెత్తు అన్నయ్యా! కళ్ళు తెరువు, తెరవకపోతే ఎలా కడగను?" జాస్మిన్ సీసాలోంచి నీళ్ళు గుమ్మరిస్తోంది. చెల్లెలి పట్టు లంగా అంచు కూడా తడిసిపోయింది.

కారు ముందు సీట్లోంచి జయరావు మాస్టారు గొంతు వినబడింది. "ఇంకొల్లు దగ్గర టైరు పోయినప్పుడే అన్నాను. ఇవాళ బయల్దేరిన వేళ బాగోలేదు, ప్రార్థన చేసుకుని కదులుదామని. వింటేగా!"

"చేశాంగా నాన్నా, రెండుసార్లు" అంది జాస్మిన్.

"సరిగ్గా చేసుండరు."

మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరై నాలుగేళ్ళయింది. గొంతు మాత్రం ఇంకా రిటైరవలేదు. కంటికి శుక్లం ఆపరేషనై పన్నెండు రోజులు. నల్ల కళ్ళద్దాలతో, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కాతో కూర్చున్నాడు.

సీసాలు నాలుగూ అయిపోయాయి. ప్రసన్న కళ్ళు ఉబ్బి, రెప్పలు అంటుకుపోయాయి. చూస్తే భయమేసేలా లేదు గానీ, వాడు స్టీరింగ్ పట్టుకునే స్థితిలో లేడన్నది అందరికీ అర్థమైంది.

"నేను నడుపుతాను" అన్నాడు జయరావు.

"నెల దాకా బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పలా?" అంది సంతోషకుమారి.

"మరి ఎవరు నడుపుతారు? జాస్మినా? స్కూటీ మీదే రెండుసార్లు పడింది."

"ఒక్కసారే నాన్నా."

ట్రాక్టరు మనిషిని అడిగారు. అద్దంకి నుంచైనా దర్శి నుంచైనా డ్రైవర్ని పిలిపించాలంటే గంట పైనే పడుతుందన్నాడు. రోడ్డు మీద టిక్కీలు తీసేసరికి ఎలాగూ గంట పడుతుందనీ, తొందరైతే ఎడమ పక్క చేల మధ్య డొంక దారిలోంచి వెళ్తే రెండు కిలోమీటర్లలో మళ్ళీ రోడ్డెక్కవచ్చనీ చెప్పాడు.

దారి దొరికింది. నడిపేవాళ్ళే లేరు.

సంతోషకుమారి కొడుకు జేబులోంచి తాళాలు తీసింది.

"తాళాలు నీకెందుకు?" అన్నాడు జయరావు.

"నడపడానికండీ."

"ఎవరు?"

"నేనే."

జాస్మిన్ గబుక్కున తల వంచుకుని ఖాళీ సీసాలు ఏరడం మొదలుపెట్టింది.

సంతోషకుమారి బైబిలు సంచీ జిప్పు తీసింది. లోపలి అరలోంచి చిన్న కార్డు తీసి భర్త చేతిలో పెట్టింది. జయరావు కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి, కార్డుని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు. డ్రైవింగ్ లైసెన్సు. పేరు, ఫోటో, పర్చూరు చిరునామా, నవంబరు నెల తేదీ. రెండోసారి చదివాడు. తర్వాత ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు.

ఏమైనా అంటే బాగుండుననిపించింది ఆవిడకి.

చెప్పులు విడిచి, సీటు ముందుకి లాక్కుని, చీర కుచ్చిళ్ళు మోకాలి కింద దోపుకుంది. అద్దం సరిచేసుకుంది. ప్రసన్నని వెనక పడుకోబెట్టారు. వాడు ఒక్కసారి "అమ్మా, నిజంగానా?" అన్నాడు. "పడుకోరా" అంది.

మొదటిసారి బండి ఆగిపోయింది. రెండోసారి కదిలింది.

డొంకకి అటూ ఇటూ చేలు. ఒకవైపు పత్తి తీసేసిన కట్టె, ఇంకోవైపు కోతకొచ్చిన మిరప. రెండో గేరులో నెమ్మదిగా పోతోంది బండి. సంతోషకుమారి చూపు దారి మీదినుంచి కదలడం లేదు.

"మంగళవారం, శుక్రవారం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక అన్నావు" అన్నాడు జయరావు చివరికి.

"అన్నాను."

"చేతిలో బైబిలు పట్టుకుని వెళ్ళావు."

"కూడిక అయ్యాకే డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళేదాన్నండీ. కూడిక ఎప్పుడూ మానలేదు."

"అది నాకు చెప్పొద్దు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పాను. ఇంట్లో మూడు నెలలు నాకే అబద్ధం చెప్పారు. జాస్మిన్‌కి తెలుసా?"

వెనక సీటులో జాస్మిన్ కిటికీ వైపు తిరిగింది.

"తెలుసు" అంది సంతోషకుమారి. "దాన్ని అనకండి. నేనే చెప్పొద్దన్నాను."

"నన్ను అడిగితే నేను కాదంటానా?"

"అడిగానండీ. రెండుసార్లు. ఒకసారి నవ్వారు. ఇంకోసారి పేపరు తిప్పుకున్నారు."

జయరావు కిటికీలోంచి బయటికి చూశాడు. నవ్విన సంగతి గుర్తొచ్చి ఉండాలి. గొంతు కాస్త తగ్గింది. "ఈ వయసులో అంత అవసరం ఏమొచ్చిందని?"

ఎదురుగా గుంట వస్తే తప్పించింది. చెప్పాలా వద్దా అని నెలల తరబడి దాచుకున్న మాట అది.

"ఆగస్టులో ఒక మధ్యాహ్నం మీకు గుండెలో పట్టేసింది, గుర్తుందా?"

"గ్యాసని తేలిందిగా."

"తర్వాత తేలింది. అప్పుడు తెలియదుగా. మీరు మంచం మీద చెమటలు కక్కుతున్నారు. పిల్లలిద్దరూ గుంటూరులో. కారు వాకిట్లోనే ఉంది. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. తలుపు తీశాను, లోపల కూర్చున్నాను కూడా. కూర్చుని ఏం చెయ్యాలో తెలియలేదు. దిగి వీధిలో పరిగెత్తాను. పక్కవీధి సుభానీ ఆటో తెచ్చేసరికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ కారుకీ మంచానికీ మధ్య తిరిగానండీ. అంత ఖరీదు పెట్టి కొన్న బండి, నాకు ఆ రోజు గోడతో సమానం."

గేరు మార్చబోయి, మళ్ళీ రెండులోనే ఉంచింది.

"ఇంకెప్పుడూ అలా నిలబడకూడదనుకున్నాను. మీకు ఈ మాట చెబితే, మీరు పోతారేమోనని భయపడ్డానని తెలిసిపోతుంది. అది మీ ముందు అనడం నాకిష్టం లేకపోయింది. అందుకని కూడిక అన్నాను. తప్పే."

జయరావు ఏదో అనబోయాడు. అంతలో బండి ఒక పక్కకి ఒరిగి, చక్రం గిర్రున తిరిగి ఆగిపోయింది.

కాలవ నీళ్ళు పొంగి డొంక మీదికొచ్చాయి. పైకి ఎండినట్టు కనబడిన నల్లరేగడి లోపల వెన్నలా ఉంది. ముందు చక్రం సగం దాకా దిగిపోయింది. సంతోషకుమారి యాక్సిలరేటర్ తొక్కితే ఇంకాస్త దిగింది.

"తొక్కకమ్మో! ఆపు, ఆపు!"

మిరప చేలోంచి నలుగురు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. తలలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ముందున్న పెద్దావిడ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, లోపలికి తొంగి చూసింది. పట్టుచీరా, నల్ల కళ్ళద్దాలూ, వెనక కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకూ. "ఏందమ్మా ఈ కత?" అంది.

జాస్మిన్ చెప్పింది. పెద్దావిడ పేరు జానీబీ. కోతల ముఠాకి ఆవిడే పెద్ద. కథ వింటూనే నవ్వడం మొదలుపెట్టి, "ఓయమ్మో, కారం పెళ్ళికొడుకు!" అని వెనకున్న కరీమున్‌తో చెప్పింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే తమ క్యానులోంచి మజ్జిగ తెచ్చి ప్రసన్న చేతులకి రుద్దించింది. "ముందు చేతుల కారం పోవాల, అయ్యా. లేకపోతే పది సార్లు కడిగినా మళ్ళీ కళ్ళకే పోద్ది." కుండలో చల్లటి నీళ్ళతో కళ్ళు మళ్ళీ కడిగించి, శుభ్రమైన గుడ్డ తడిపి వేసింది.

పత్తికట్టె మోపు తెచ్చి చక్రం కింద పరిచారు. "దిగాల్సినోళ్ళు దిగండి. బరువు తగ్గుద్ది" అంది జానీబీ, జయరావు వైపు చూస్తూ.

మాస్టారు దిగాడు. దిగి ఊరికే నిలబడలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు తీసి కారులో పెట్టి, వెనక్కి వెళ్ళి ఆడవాళ్ళ పక్కన చేతులు ఆనించాడు.

"మీరొద్దండీ, కంటికి ఆపరేషను!" అంది సంతోషకుమారి కిటికీలోంచి.

"నువ్వు ముందు చూడు" అన్నాడు.

జాస్మిన్ గట్టు మీదికెక్కి కనిగిరికి ఫోను చేసింది. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. "అంకుల్! అన్నయ్యకి కళ్ళు... కారం... కారు బురదలో... వినబడుతోందా? కళ్ళు..." తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

"ఒకటిలో పెట్టి మెల్లగా వదులమ్మా!" అని అరిచింది జానీబీ.

సంతోషకుమారి పాదం కింద క్లచ్చి కదలడం తెలుస్తూనే ఉంది. బండి మూలిగింది. చక్రం ఒక్కసారి బురద చిమ్మి, కట్టె మీదికెక్కి, గట్టి నేలకి చేరింది. ఆడవాళ్ళు హోయ్ మని కేకలేశారు.

వెనక్కి తిరిగి చూసింది. జయరావు తెల్ల చొక్కా నిండా నల్ల చుక్కలు. గడ్డం మీద, కళ్ళద్దాల మీద కూడా.

మాస్టారు తన చొక్కా చూసుకున్నాడు. జానీబీని చూశాడు. ఆవిడ కొంగుతో నోరు మూసుకుని ఉంది. ఉన్నట్టుండి ఆయనే నవ్వాడు. పర్చూరు హైస్కూల్లో ఎవరూ వినని నవ్వు. పెళ్ళయిన కొత్తలో సంతోషకుమారి నాలుగైదుసార్లు విన్న నవ్వు.

కోసిన మిరపకాయలు దోసెడు కాగితంలో కట్టి జాస్మిన్ చేతికిచ్చింది జానీబీ. "కోడలు పిల్లకియ్యి. మొదటి కూర మా చేను కాయలతో వండమను."

"ప్రధానానికి అందరూ రండి" అన్నాడు జయరావు మొహమాటపడుతూ.

"కోతలెవరు కోస్తారయ్యా!" అని వాళ్ళు నవ్వుతూ చేలోకి వెళ్ళిపోయారు.

దర్శి చేరేసరికి పదకొండు దాటింది. బస్టాండు ఎదురుగా హోటల్లో మొహాలు కడుక్కుని టీ తాగారు. ప్రసన్న కళ్ళు ఎర్రగా ఉన్నా తెరుచుకున్నాయి. అద్దంలో చూసుకుని, "పర్లేదు, ఇక్కణ్ణుంచి నేను నడుపుతా. అమ్మా, తాళాలు" అన్నాడు.

సంతోషకుమారి ఇవ్వబోయింది. నిజం చెప్పాలంటే చేతులు నొప్పెడుతున్నాయి.

"నువ్వు వెనక కూర్చో" అన్నాడు జయరావు టీ గ్లాసు పెడుతూ. "మీ అమ్మ నడుపుతుంది."

జయరావే ముందుగా వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటాక ఒక్క మాటన్నాడు. "హారన్ కాస్త తక్కువ కొట్టు, సంతోషం. పాపం, గేదెలు వాటి దారిన అవి పోతున్నాయి."

ఆవిడ నవ్వింది. ఆగస్టు మధ్యాహ్నం గురించి ఆయన ఏమీ అనలేదు. కానీ పొదిలి దారిలో ఒక మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చినప్పుడు, ఆయన చెయ్యి స్టీరింగ్ వైపు రాకుండా తన మోకాలి మీదే ఉండిపోవడం చూసింది. ఆవిడకి అది చాలు.

పొదిలి ఇంకా పది కిలోమీటర్లుందనగా, ఎదురుగా వస్తున్న తెల్ల కారు లైట్లు వెలిగించి ఆర్పి, రోడ్డు పక్కన ఆగింది. అందులోంచి పట్టుపంచెతో ఒక పెద్దాయన దూకినంత పని చేశాడు. పెళ్ళికూతురి తండ్రి అనిల్ కుమార్.

"బావగారూ! అబ్బాయి ఏడీ? కళ్ళు పోయాయన్నారు, కారు పడిపోయిందన్నారు! మా వాళ్ళంతా ఏడుపులు!"

"నేను కారం అన్నాను అంకుల్!" అంది జాస్మిన్.

ఆయన వెనకే అమూల్య దిగింది. ప్రధానం చీర, మెడలో సన్నటి గొలుసు, చేతిలో మందుల పెట్టె. నర్సింగ్ పూర్తి చేసిన పిల్ల. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వెనక తలుపు తీసి, ప్రసన్న గడ్డం పట్టుకుని, రెప్పలు విడదీసి చూసింది. మందునీళ్ళతో ఇంకోసారి కడిగింది.

"బాగా కడిగారు కాబట్టి బతికిపోయారు. కనబడుతున్నానా?"

"ఎర్రగా కనబడుతున్నావు" అన్నాడు ప్రసన్న.

పెద్దవాళ్ళు అటు తిరిగి నవ్వుకున్నారు. పాస్టరు గారు రెండింటి దాకా ఉంటారట, భోజనాలు కాస్త ఆలస్యమైతే ఏమీ కాదట. అనిల్ కుమార్ జయరావు చెయ్యి పట్టుకుని, "మీరు నా కారులో రండి బావగారూ, అలిసిపోయారు" అన్నాడు. జాస్మిన్ కూడా అందులోనే ఎక్కింది. అమూల్య మాత్రం, "నేను అత్తయ్యగారి పక్కన కూర్చుంటాను. ఈయన కళ్ళకి మందు వెయ్యాలి" అంది.

తెల్ల కారు ముందు, వీళ్ళది వెనక. కొంతదూరం అమూల్య మందు వేస్తూ, గుడ్డ మారుస్తూ గడిపింది. తర్వాత ముందుకి తిరిగి కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలి. ఉంగరం తొడిగించుకోకముందే చెప్పాలి."

"చెప్పమ్మా."

"విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ఒకటిన చేరాలి. రెండేళ్ళు కదలడానికి లేదు."

సంతోషకుమారి చూపు రోడ్డు మీదే ఉంది. పెళ్ళిచూపుల రోజు జయరావు అడిగింది ఒకే ఒక్కటి. కట్నాలు కానుకల మాట ఆయన ఎత్తలేదు. అమ్మాయి పర్చూరులో మా దగ్గరే ఉంటుందిగా, అని అడిగాడు. అనిల్ కుమార్ తప్పకుండా అన్నాడు. ఈ పిల్ల తల వంచుకుని ఉంది. సిగ్గనుకున్నారు.

"మీ నాన్నగారికి తెలుసా?"

"తెలుసు. పెళ్ళయ్యాక నెమ్మదిగా చెబుదాం, ఇప్పుడు నోరెత్తకు అన్నారు."

"మరి వీడికి?"

అమూల్య వెనక్కి చూసింది. వెనక సీట్లో గుడ్డ కింద ప్రసన్న నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కాలి బొటనవేలు మాత్రం కదులుతోంది.

"తెలుసన్నమాట" అంది సంతోషకుమారి.

"అమ్మా, ప్రధానం కానిచ్చి నేనే నాన్నకి చెబుదామని..." గుడ్డ కిందినుంచి వచ్చింది గొంతు.

"నువ్వు మాట్లాడకు."

దారికి రెండు వైపులా పొగాకు చేలు వెనక్కి పోతున్నాయి. ఇవాళ్టికి ఊరుకోమ్మా, రేపు చూద్దాం అనడం ఎంత తేలికో ఆవిడకి తెలుసు. ఇంటినిండా చుట్టాలు, వండిన అన్నం, ఎదురుచూస్తున్న పాస్టరు గారు. ఒక్క మాట మింగితే అంతా సవ్యంగా జరిగిపోతుంది. మూడు నెలలు ఆవిడా అలాగే మింగింది. పొద్దున కార్డు రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా తిరిగిచ్చిన మనిషి మొహం కళ్ళ ముందు మెదిలింది.

ఆవిడ భయపడింది ఆయన అరుపుకి కాదు. ఆ మొహానికి.

"నీకు చెయ్యాలనుందా ఆ ఉద్యోగం?" అని అడిగింది.

"చాలా ఉందండీ."

"మా వాణ్ణి?"

అమూల్య మొదటిసారి నవ్వింది. "చేసుకోవాలనే ఉంది. అందుకే ముందు చెబుతున్నాను."

సంతోషకుమారి ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుని, పొగాకు కాల్చే ఒక బ్యారన్ పక్కన బండి ఆపింది. ముందు కారు కాస్త దూరం పోయి, గమనించి ఆగింది. జయరావు దిగి గబగబా నడిచి వస్తున్నాడు.

"మళ్ళీ ఏమైంది? టైరా?"

"టైరు బాగానే ఉందండీ." సంతోషకుమారి దిగి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. అమూల్య వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. "పిల్ల మీతో ఒక మాట చెప్పాలట. ప్రధానం కాకముందే చెప్పాలట. మీరు వినాలి, నేనూ వింటాను."

వెనకనుంచి అనిల్ కుమార్ పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొస్తున్నాడు. "అమ్మా అమూల్యా! ఇప్పుడు కాదమ్మా, ఇంటికెళ్ళాక..."

జయరావు తిరిగి ఆయన్ని చూశాడు. తర్వాత పిల్లని చూశాడు. కారు వెనక తలుపు తెరుచుకుంది. ప్రసన్న గుడ్డ తీసేసి, కళ్ళు చికిలిస్తూ దిగి, అమూల్యకి అటు పక్క వచ్చి నిలబడ్డాడు.

"ఇది నాకూ తెలుసు నాన్నా" అన్నాడు.

ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. దుమ్ము అణిగాక జయరావు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. భార్య మొహంలోకి ఒక్కసారి చూశాడు. ఆవిడ చూపు దించుకోలేదు.

"ఆగండి బావగారూ" అన్నాడు అనిల్ కుమార్‌తో, చెయ్యి అడ్డం పెట్టి. తర్వాత బడిలో ఏ పిల్లతోనూ మాట్లాడనంత నెమ్మదిగా అమూల్యని అడిగాడు.

"చెప్పమ్మా. మొదటినుంచీ చెప్పు."